పాత ల్యాప్‌టాప్‌కు ఇంకా ఆయుష్షు ఉందా?

2025 అక్టోబరులో ఒక రాత్రి మా అన్నగారి కుమార్తె ఫోను చేసింది. ఆమె ఉస్మానియా విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం పీజీ రెండవ సంవత్సరం చదువుతున్నది. తార్నాకలో మరి ముగ్గురు విద్యార్థినులతో కలసి ఒక గదిలో ఉంటున్నది. "చాచా! నా ప్రాజెక్టు ఫైళ్లన్నీ పోయాయి. అబ్బాకు ఇంకా చెప్పలేదు" అని, ఆపైన మాట పెగలక ఊరుకున్నది.

మెల్లగా విషయం రాబట్టాము. కొన్ని వారాలుగా ఆమె ల్యాప్‌టాప్ తెర మీద ఒక సందేశం వస్తున్నదట. విండోస్ 10కు కంపెనీ మద్దతు అక్టోబరు 14తో ముగుస్తుందని, విండోస్ 11కు మారడానికి ఈ యంత్రం అర్హమైనది కాదని దాని సారాంశం. భయపడి ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్లింది. సాయంత్రానికి విండోస్ 11 వేసి ఇచ్చారు. గదికి వచ్చి తెరచి చూస్తే 'డి డ్రైవ్' కనిపించలేదు. అందులో ఉన్నవి బీడీలు చుట్టే పద్నాలుగు మంది స్త్రీలతో ఆమె జరిపిన సంభాషణలు. వేసవి సెలవులలో బోధన్ పరిసరాలలో ఇల్లిల్లూ తిరిగి ఫోనులో రికార్డు చేసి, మూడు నెలలు కూర్చుని తెలుగులో టైపు చేసుకున్నది. ధ్వనిముద్రణలు ఫోనులో మిగిలాయి. మూడు నెలల శ్రమ మాత్రం తుడిచిపెట్టుకుపోయింది.

మా అన్నగారు బోధన్‌లో దర్జీ. చిట్టీ ఎత్తిన సొమ్ముతో నాలుగేళ్ల క్రితం ఆ ల్యాప్‌టాప్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొని కూతురి చేతిలో పెట్టారు. కొత్తది కొనమని ఆయనను అడగడమంటే ఏమిటో ఆ అమ్మాయికి తెలుసు. ఆమె సంకోచానికి కారణం అదే.

ఆదివారం మేము తార్నాక వెళ్లాము. ఆనాటి నుంచి నెల రోజులు ఆ పాత యంత్రంతో మేము నేర్చుకున్న సంగతులు ఈ వ్యాసం. ఇటువంటి యంత్రం నేడు మన కుటుంబాలలో ఎన్నో ఇళ్లలో ఉన్నది. దానిని పారవేసే ముందు, మరొకరి చేతికి ఇచ్చే ముందు, తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

నాకా దగ్గర ఆగిన యంత్రం

తార్నాక పేరు గురించి ఆ ప్రాంతపు పెద్దలు ఒక మాట చెబుతారు. తార్ అంటే తీగ, నాకా అంటే రాకపోకలను తనిఖీ చేసే గేటు. నిజాం కాలంలో ఇక్కడ తీగ కంచె, దాని వద్ద ఒక కాపలా నాకా ఉండేవని, ఆ రెండూ కలసి తార్నాక అయిందని అంటారు. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌కు ఎదురైనది కూడా ఒక నాకాయే.

కంప్యూటరులోని యంత్ర భాగాలకు, మనం వాడే ప్రోగ్రాములకు మధ్య నిలిచి పని జరిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. కీబోర్డు మీద నొక్కిన అక్షరాన్ని తెర మీదికి, తెర మీది పేజీని ప్రింటరుకు చేర్చేది అదే. విండోస్, మాక్ ఓఎస్, లినక్స్ అటువంటివి. వీటిని తయారుచేసేవారు కొన్నేళ్లకొకసారి కొత్త రూపం తెస్తారు, పాత రూపానికి మరమ్మతులు ఆపివేస్తారు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 8.1కు 2023 జనవరిలో ఇదే జరిగింది. 2015 జులైలో వచ్చిన విండోస్ 10 వంతు 2025 అక్టోబరు 14న వచ్చింది.

మద్దతు ఆగిన మరునాడు యంత్రం ఆగిపోదు. ఎప్పటివలె తెరుచుకుంటుంది, పని చేస్తుంది. కొత్తగా బయటపడే భద్రతా లోపాలను సరిదిద్దే వారు మాత్రం ఉండరు. ఆ తర్వాత ఒక్కొక్క ప్రోగ్రామూ దూరమవుతుంది. గూగుల్ క్రోమ్ బ్రౌజరు 2023లో 110వ రూపం నుంచి విండోస్ 7, 8.1లపై పనిచేయడం మానివేసింది. బ్యాంకు లావాదేవీలు, పరీక్ష దరఖాస్తులు ఇటువంటి యంత్రం మీద చేయడం తాళం లేని పెట్టెలో నగలు దాచడమే.

మునుపటి మార్పులకూ ఈ మార్పుకూ ఒక భేదం ఉన్నది. విండోస్ 7 నుంచి 10కి చాలా యంత్రాలు సులభంగానే మారాయి. 2021 అక్టోబరులో వచ్చిన విండోస్ 11 మాత్రం తలుపు దగ్గరే తనిఖీ పెట్టింది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ స్థలం ఉండాలన్నది పెద్ద కోరిక కాదు. కాని టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగం, సెక్యూర్ బూట్ సౌకర్యం, కంపెనీ ప్రకటించిన జాబితాలోని ప్రాసెసర్ ఉండాలన్నది. ఇంటెల్ ప్రాసెసర్లలో స్వల్ప మినహాయింపులతో ఎనిమిదవ తరం నుంచే ఆ జాబితా మొదలవుతుంది. ఎనిమిదవ తరం ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు వచ్చినది 2017 ఆగస్టులో. అంతకు ముందరివి ఎంత చక్కగా పనిచేస్తున్నా నాకా దాటలేవు. ఈ కారణంగా దాదాపు 24 కోట్ల కంప్యూటర్లు చెత్త కుప్ప పాలు కావచ్చునని కెనాలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023 చివరలో అంచనా వేసింది.

ముందు కొలత, తర్వాత కత్తెర

బట్టను కోసే ముందు కొలత తీసుకోవడం మా అన్నగారి వృత్తిలో మొదటి పాఠం. ల్యాప్‌టాప్ విషయంలోనూ అంతే. విండోస్‌లో సెట్టింగ్స్ తెరచి, సిస్టమ్ అనే విభాగంలో అబౌట్ చూస్తే నాలుగు సంగతులు తెలుస్తాయి. ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంత, సిస్టమ్ 32 బిట్టా 64 బిట్టా, ప్రస్తుతం ఉన్న విండోస్ ఏది.

ఇంటెల్ ప్రాసెసర్ తరాన్ని పేరులోని అంకెను బట్టి గుర్తించవచ్చు. ఐ3-5005యు అని ఉంటే మొదటి అంకె 5, అనగా అయిదవ తరం. ఐ5-8250యు అంటే ఎనిమిదవ తరం. పదవ తరం నుంచి మొదటి రెండు అంకెలు చూడాలి. ఐ5-10210యు పదవ తరం, ఐ5-1235యు పన్నెండవ తరం. ఏఎమ్‌డీ ప్రాసెసర్లకు ఇంత సులువైన గుర్తు లేదు. పేరులో అంకె పెద్దదైనా లోపలి నిర్మాణం పాతది కావచ్చు గనుక మైక్రోసాఫ్ట్ ప్రచురించిన జాబితాతో సరిచూసుకోవలసిందే. పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రామును నడిపితే ఏ షరతు దగ్గర యంత్రం ఆగిందో అదే చెబుతుంది.

ఆ చివరి మాట ముఖ్యం. "అర్హత లేదు" అన్న సందేశానికి కారణాలు వేరువేరుగా ఉంటాయి. ప్రాసెసర్ సరిపోయి టీపీఎమ్ ఒక్కటే లేదంటే, అది యంత్రంలో ఉండి కూడా బయోస్ అనే మూల అమరికలలో ఆపివేయబడి ఉండవచ్చు. దానిని అక్కడ ఆన్ చేస్తే చాలు. నిల్వ స్థలం చాలకపోతే డిస్కు మార్చవచ్చు, ర్యామ్ చాలకపోతే కలపవచ్చు. ప్రాసెసర్ ఒక్కటే మార్చలేని భాగం.

మా అమ్మాయి యంత్రంలో ఉన్నది అయిదవ తరం ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. మరి దుకాణంలో విండోస్ 11 ఎలా వేశారు? తనిఖీని పక్కకు తప్పించి వేసే ఉపాయాలు ఉన్నాయి. అలా వేసిన యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగానే చెప్పింది. ఆ సంగతి వినియోగదారుకు చెప్పి, ఆమె సమ్మతిస్తే వేయడం ఒక పద్ధతి. చెప్పకుండా వేయడం మరొకటి. మా అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. "డ్రైవ్‌లో ఏమైనా ముఖ్యమైనవి ఉన్నాయా?" అని కూడా ఎవరూ అడగలేదు. వస్తువులోని లోపాన్ని కొనేవారికి విప్పి చెప్పడం, ఒకరు అప్పగించిన సొత్తును అమానతుగా కాపాడడం మనం పిల్లలకు నేర్పే మొదటి పాఠాలు. యంత్రం మారినా ఆ పాఠాలు మారవు. అయితే మా వంతు తప్పు కూడా ఉన్నది. మూడు నెలల శ్రమకు రెండవ ప్రతి ఎక్కడా దాచుకోలేదు.

పెన్‌డ్రైవ్‌లో ఒక పరీక్ష

గదిలోని విద్యార్థినులలో ఒకరు విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాలలో చదువుతున్నారు. జరిగినది విని ఆమె చెప్పిన మొదటి మాట, "అంకుల్, ముందు ఆ ల్యాప్‌టాప్‌ను ఆపివేయండి. దాని మీద కొత్తగా ఒక్క ఫైలు కూడా రాయకూడదు" అని. డిస్కును ఫార్మాట్ చేసినప్పుడు సాధారణంగా చెరిగిపోయేది విషయసూచిక మాత్రమే. పాత ఫైళ్లున్న చోట కొత్తవి వచ్చి చేరేంతవరకు వాటిలో కొన్నింటిని వెలికి తీయవచ్చు. హార్డ్ డిస్కులలో ఈ అవకాశం ఎక్కువ. నేటి ఎస్‌ఎస్‌డీలలో ఖాళీ అయిన స్థలాన్ని యంత్రమే తుడిచివేస్తుంది గనుక దాదాపు ఉండదు.

ఆ సాయంత్రం ఆర్ట్స్ కళాశాల ముందరి మెట్ల మీద కూర్చుని ఆమె తన పెన్‌డ్రైవ్ తీసింది. అందులో లినక్స్ మింట్ ఉన్నది. ల్యాప్‌టాప్‌ను తెరుస్తూనే బూట్ మెనూకు వెళ్లి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకున్నది. ఇందుకు నొక్కవలసిన మీట కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. రెండు నిమిషాలలో తెర మీద కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కనిపించింది. లోపలి డిస్కులో ఏమీ మారలేదు. పెన్‌డ్రైవ్ తీసివేసి మళ్లీ తెరిస్తే యథాప్రకారం విండోస్ వస్తుంది. దీనినే లైవ్ పద్ధతి అంటారు. రూపాయి ఖర్చు లేకుండా, ఏమీ కోల్పోకుండా, మన యంత్రానికి ఈ వ్యవస్థ సరిపడుతుందా లేదా అని తెలుసుకునే పరీక్ష ఇది.

పరీక్షలో మేము వరుసగా చూసినవి ఇవి. వైఫై, శబ్దం, కెమెరా, తెర వెలుతురు తగ్గించడం పెంచడం, మూత వేసి తీస్తే మేల్కొనడం, ప్రింటరు. అన్నీ పనిచేశాయి, వైఫై తప్ప. కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ వైఫై చిప్పులకు లినక్స్‌లో డ్రైవర్‌ను విడిగా వేయవలసి వస్తుంది. డ్రైవర్ వేయాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి. ఈ చిక్కుకు ఆ విద్యార్థిని చూపిన పరిష్కారం ఫోనును కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయడం. అయిదు నిమిషాలలో వైఫై వచ్చింది.

ఆ రాత్రి గదిలో ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, దొరికిన ఫైళ్లను మేము తెచ్చిన మరొక డిస్కులోకి ఎక్కించాము. తెల్లవారేవరకు నడిచింది. ఈ ప్రోగ్రాము ఫైళ్ల లోపలి గుర్తులను బట్టి వెదుకుతుంది గనుక పాత పేర్లు రావు. అంకెలతో కూడిన వేలాది ఫైళ్లు వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా తెరచి చూడగా పద్నాలుగు సంభాషణలలో ఆరు దొరికాయి. ఆ ఆరు చూసుకుని మా అమ్మాయి ఫజ్ర్ వేళకు గాని పడుకోలేదు.

మూడు దారులు

పాత యంత్రం ఉన్నవారి ముందు నేడు మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, విండోస్ 10లోనే మరికొంత కాలం గడపడం. వ్యక్తిగత వినియోగదారులకు మైక్రోసాఫ్ట్ అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ప్రకటించింది. 2026 అక్టోబరు 13 వరకు దీని గడువు. కంప్యూటరు సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపరచుకుంటే ఉచితంగా గాని, 1000 రివార్డు పాయింట్లతో గాని, 30 డాలర్లు చెల్లించి గాని చేరవచ్చు. కొత్త సౌకర్యాలు రావు, భద్రతా మరమ్మతులు మాత్రమే వస్తాయి. చదువు చివరి సంవత్సరంలో ఉండి, విండోస్‌పై మాత్రమే నడిచే ప్రోగ్రాములతో పని ఉన్నవారికి ఈ దారి ఉచితం. ఇది ఊపిరి తీసుకోవడానికి దొరికిన వ్యవధి మాత్రమేనని గుర్తుంచుకోవాలి.

రెండవది, లినక్స్‌కు మారడం. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ దీనికి బీజం వేశారు. ఆయన కూడా అప్పుడు విద్యార్థియే. నేడు ప్రపంచమంతటా వేలాది మంది కలసి దీనిని పెంచుతున్నారు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. దీనిపై నిర్మించిన ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్ వంటివి ప్రసిద్ధమైనవి. మన దేశంలో సీడాక్ సంస్థ డెబియన్ ఆధారంగా బాస్ లినక్స్‌ను రూపొందించింది. తెలుగులో కంప్యూటరు వాడుకోవాలన్న ఆశయంతో హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పనిచేస్తున్నది. 2024లో వచ్చిన లినక్స్ మింట్ 22కు కనీసం 2 జీబీ ర్యామ్, 20 జీబీ స్థలం చాలు. 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. 2029 వరకు అప్‌డేట్లు అందుతాయి. అందులో ఎక్స్ఎఫ్‌సీఈ అనే రూపం పాత యంత్రాలకు మరింత తేలిక.

లినక్స్ కూడా ఎల్లకాలం అన్ని యంత్రాలనూ మోయదు. 2012 చివరలోనే దాని కెర్నెల్ పాత 386 ప్రాసెసర్లకు సెలవు చెప్పింది. 32 బిట్ యంత్రాలకు ఉబుంటు ఎప్పుడో దూరమైంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 కూడా వాటికి ఇన్‌స్టాలర్ ఇవ్వడం ఆపివేసింది. 2023లో వచ్చిన డెబియన్ 12 మాత్రం 32 బిట్‌పై నడుస్తుంది. దానికి దీర్ఘకాల మద్దతు 2028 జూన్ వరకు ఉన్నది. ఇంట్లో ఉన్నది పదిహేను, ఇరవై ఏళ్ల నాటి 32 బిట్ యంత్రమైతే, ఇక దాని మీద డబ్బు పెట్టకపోవడమే మంచిది.

మూడవది, కొత్తదో లేక తగిన తరానికి చెందిన పాతదో కొనడం. దాని గురించి ముందు చెబుతాము.

మేము రెండవ దారి పట్టాము. తార్నాకలో మెట్రో ఎక్కి నాలుగవ స్టేషనైన ప్యారడైజ్‌లో దిగి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు వెళ్లాము. నగరంలో సీటీసీ అంటే అందరికీ తెలిసిన కంప్యూటర్ల బజారు. అక్కడ ఒక ఎస్‌ఎస్‌డీ, మరొక 4 జీబీ ర్యామ్ కొన్నాము. రెండూ కలిపినా కొత్త ల్యాప్‌టాప్ ధరలో పదో వంతుకు అటూ ఇటూ. పాత హార్డ్ డిస్కును పారవేయక, కవరులో పెట్టి పైన తేదీ రాసి దాచాము. పాత యంత్రం నత్తనడకకు చాలాసార్లు అసలు కారణం తిరిగే పళ్లెం వంటి ఆ హార్డ్ డిస్కే. ఎస్‌ఎస్‌డీ వేసి మింట్ ఎక్కించిన తరువాత, తెరుచుకోవడానికి నిమిషాలు తీసుకునే యంత్రం అర నిమిషంలోపే సిద్ధమైంది.

అక్షరాల అనుకూలత

యంత్రం నడవడం సగం పని. మన రాత అందులో నడవాలి. చాలా వ్యాసాలు ప్రస్తావించని ఈ సంగతిని తెలుగు కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి.

మా అమ్మాయికి దొరికిన ఆరు ఫైళ్లలో రెండు తెరవగానే తెలుగుకు బదులు ఆంగ్ల అక్షరాలు, చుక్కలు, గీతలు కలగాపులగంగా కనిపించాయి. ఫైలు చెడిపోయిందని ఆమె కలవరపడింది. చెడిపోలేదు. ఆ రెండింటిని ఊరిలోని ఒక డీటీపీ కేంద్రంలో టైపు చేయించింది. వారు వాడినది అను ఫాంట్లు. పాత పద్ధతి ఫాంట్లలో తెలుగు అక్షరానికి సొంత సంకేతం ఉండదు. ఆంగ్ల అక్షరాల సంకేతాల మీదనే తెలుగు బొమ్మలను తొడుగుతారు. ఆ ఫాంటు లేని యంత్రంలో తొడుగు జారిపోయి కింది ఆంగ్ల అక్షరాలు బయటపడతాయి. యూనికోడ్‌లో అలా కాదు. 1991లో వెలువడిన మొదటి రూపం నుంచే అందులో తెలుగుకు సొంత స్థానం ఉన్నది. యూనికోడ్‌లో రాసినది విండోస్‌లో, లినక్స్‌లో, ఫోనులో ఒకే విధంగా చదవవచ్చు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చిన తరువాత ఒత్తులను, పొల్లులను ఒకసారి సరిచూసుకోవాలి.

లినక్స్‌లో తెలుగు టైపు చేయడానికి ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ కీబోర్డులు లభిస్తాయి. మండలి, సురవరం, గిడుగు, రామభద్ర వంటి అందమైన యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. మన ఇళ్లలో ఉర్దూ రాతకు నస్తాలీఖ్ తప్పనిసరి. నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే ఫాంటు వేస్తే లినక్స్‌లోనూ ఆ వంపులు చక్కగా వస్తాయి. ఇన్‌పేజ్‌లో చేసిన పాత ఉర్దూ ఫైళ్లను మాత్రం విండోస్ ఉన్నప్పుడే యూనికోడ్‌గానో పీడీఎఫ్‌గానో మార్చి పెట్టుకోవడం వివేకం.

ఉస్మానియా ప్రాంగణంలో ఈ విషయం ఆలోచిస్తున్నప్పుడు మాకు పాత చరిత్ర గుర్తుకు వచ్చింది. 1917లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానాతో ఈ విశ్వవిద్యాలయానికి పునాది పడినప్పుడు, బోధన ఉర్దూలో సాగాలని నిర్ణయించారు. అందుకు పుస్తకాలు లేవు. వైద్యం, ఇంజనీరింగ్ సహా శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చి, పారిభాషిక పదాలను కూర్చడానికి దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను అదే సంవత్సరం నెలకొల్పారు. విద్య ఒకచోట, విద్యార్థి భాష మరొకచోట ఉన్నప్పుడు, విద్యార్థిని పక్కకు నెట్టక రెంటినీ కలిపే శ్రమకు పూనుకున్నారు. నేడు తెలుగు కీబోర్డులు, ఫాంట్లు తయారుచేసి ఉచితంగా పంచుతున్న వారి శ్రమ కూడా అటువంటిదే.

మారే ముందు తెలియవలసిన ఇబ్బందులు

లినక్స్‌లో అన్నీ దొరుకుతాయని చెప్పడం సత్యం కాదు. టాలీ, ఆటోక్యాడ్ వంటివి దానికై తయారు కాలేదు. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల పర్యవేక్షణ ప్రోగ్రాములు విండోస్, మాక్‌లపై మాత్రమే నడుస్తాయి. అకౌంటింగ్ నేర్చుకునేవారు, సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు ఇది ముందే చూసుకోవాలి. హెచ్‌పీ ప్రింటర్లలో అధిక భాగం సులువుగా కలుస్తాయి. మరి కొన్ని కంపెనీల ప్రింటర్లు మొండికేస్తాయి.

వ్యాసాలు, పరిశోధన పత్రాలు రాసేవారికి లిబ్రే ఆఫీస్ సరిపోతుంది. వర్డ్ ఫైళ్లను తెరుస్తుంది, ఆ రూపంలోనే దాస్తుంది. పట్టికలు, పేజీ అమరిక అప్పుడప్పుడు కాస్త జరుగుతాయి. అందుచేత మార్గదర్శకులకు దిద్దడానికి వర్డ్ ఫైలు, చూసుకోవడానికి పీడీఎఫ్ రెండూ పంపమని మా అమ్మాయికి చెప్పాము. గణాంకాలకు ఆర్, పీఎస్‌పీపీ, గ్రంథసూచికకు జొటేరో ఉచితంగా లభిస్తాయి.

దొంగ నకళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. "యాభై రూపాయలకు విండోస్, ఆఫీస్ అన్నీ వేస్తాం" అనే మాట మనం వినని బజారు లేదు. ఒకరి శ్రమను వెల చెల్లించకుండా వాడుకోవడం ఎటువంటిదో వేరే చెప్పనక్కర లేదు. పైగా తాళం పగలగొట్టే ఆ ప్రోగ్రాముల వెంట వైరస్‌లు రావడం సర్వసాధారణం. స్థోమత లేనివారు తప్పు దారి పట్టనవసరం లేకుండా, తయారుచేసినవారే సంతోషంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఉన్నప్పుడు ఆ సాకుకు తావు లేదు.

కొనక తప్పనప్పుడు

పాత ల్యాప్‌టాప్ కొనవలసి వస్తే, పైన ఉన్న మెరుపును కాక లోపలి తరాన్ని చూడాలి. ఇంటెల్ ఎనిమిదవ తరం, లేదా ఆపైది అయితే విండోస్ 11 న్యాయంగా నడుస్తుంది. "విండోస్ 11 ఉంది" అన్న మాట మీద కొనవద్దు. తనిఖీ తప్పించి వేసినదా, సక్రమంగా వేసినదా అని అడగండి. పీసీ హెల్త్ చెక్‌ను మీ ఎదుటే నడపమనండి. బయోస్‌కు పాస్‌వర్డ్ లేదని, పూర్వపు కంపెనీ ఖాతా తాళం మిగలలేదని చూడండి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో ఛార్జర్ తీసి పరీక్షించండి. పాత క్రోమ్‌బుక్ అయితే ప్రతి నమూనాకూ అప్‌డేట్లు ఆగే తేదీ ఒకటి ఉంటుంది. అది దాటినదాన్ని చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మాక్ కొనదలచినవారు, మాక్ ఓఎస్ 26 రూపమే ఇంటెల్ యంత్రాలకు చివరిదని ఆపిల్ 2025లో ప్రకటించిన సంగతి గమనించాలి.

నిజంగా ఆయుష్షు తీరిన యంత్రాన్ని చెత్తబుట్టలో వేయరాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పోగు చేసింది. సక్రమంగా సేకరించి శుద్ధి చేసినది 22.3 శాతమే. మిగిలిన దానిలోని సీసం, పాదరసం ఎవరి నేలలోకో, ఎవరి నీటిలోకో చేరుతున్నాయి. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే వీటిని అప్పగించాలి. దుబారా నిషిద్ధమని నమ్మే ఇంటిలో, పనిచేసే వస్తువును తొందరపడి పారవేయడం, పాడైన వస్తువును నిర్లక్ష్యంగా పారవేయడం రెండూ తగవు.

ఈ రాత్రే చేయవలసిన పని

ఈ వ్యాసం చదివిన తరువాత మీరు లినక్స్‌కు మారకపోయినా ఫరవాలేదు, కొత్తది కొన్నా ఫరవాలేదు. ఒక్క పని మాత్రం ఈ రాత్రే చేయండి. ఇంట్లోని కంప్యూటరులో ముఖ్యమైన ఫైళ్లకు మరొక రెండు ప్రతులు తీయండి. ఒకటి ఇంట్లో వేరే డిస్కులో, మరొకటి ఇంటి బయట, మీ మెయిల్‌లోనో ఆన్‌లైన్ ఖాతాలోనో ఉండాలి. పిల్లల సర్టిఫికెట్లు, నిఖా ఫోటోలు, పెద్దల వైద్య పత్రాలు, చదువుల రాతలు అన్నీ. మరమ్మతుకు ఇచ్చే ముందు "డ్రైవ్‌లను ముట్టుకోవద్దు, ఫార్మాట్ చేయవలసి వస్తే ముందు ఫోను చేయండి" అని రసీదు మీద రాయించుకోండి.

మా అమ్మాయి మిగిలిన ఎనిమిది సంభాషణలను ఫోనులో మళ్లీ విని, యూనికోడ్ తెలుగులో మళ్లీ టైపు చేసింది. డిసెంబరు నెలాఖరుకు పద్నాలుగూ పూర్తయ్యాయి. రెండవసారి వింటున్నప్పుడు మొదటిసారి తాను జారవిడిచిన మాటలు ఎన్నో వినిపించాయట. ఆకు తడిపే వేళలు, మేస్త్రీ తిరగ్గొట్టిన కట్టల లెక్క, కూతురి ఫీజు కోసం రాత్రి దీపం కింద చుట్టిన అదనపు వెయ్యి.

ఆ సెలవులలో ఆమె ల్యాప్‌టాప్ తీసుకుని బోధన్ వెళ్లింది. జరిగినదంతా తండ్రికి అప్పుడు చెప్పింది. మా అన్నగారు కుట్టు మిషను ఆపి, తెర మీది తెలుగు అక్షరాలను కాసేపు చూశారు. ఆయన మిషను కూడా మా నాన్నగారి నాటిది. బెల్టు మారింది, సూదులు ఎన్నో మారాయి. "నాతో ముందే చెప్పి ఉంటే కోప్పడేవాణ్ణి కాదు బేటా" అని మాత్రం అన్నారు. మరునాడు బజారుకు వెళ్లి ఒక పెన్‌డ్రైవ్ కొని తెచ్చి, దారం కట్టి, ఆమె సంచీ లోపలి జేబుకు తన చేత్తో కుట్టి ఇచ్చారు.